నాలుక మీద మట్టి, చెవిలో స్పీకరు

బీదర్ కోటలో పాత కట్టడాల అడుగున, ఎండా వానా సోకని మూలల్లో దొరికే మట్టికి, లోహపాత్రల్లో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల దగ్గర గిరాకీ ఎక్కువ. పైపైన చూస్తే అది మామూలు మట్టే. పనివాడు చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటాడు, కాసేపు చప్పరించి ఉమ్మేస్తాడు. పనికొస్తుందో రాదో అక్కడికక్కడే తేల్చేస్తాడు. తరాలుగా నడుస్తున్న పరీక్ష ఇది.

ఆడియో సామాన్ల లోకంలో దశాబ్దాలుగా తెగని తగవు ఒకటుంది. ఆంప్లిఫయర్ మంచిదో కాదో, స్పీకరు డబ్బుకు తగినదో కాదో తేల్చాల్సింది మీటరా, చెవా? కొలతల పక్షం వాళ్లు గ్రాఫులు తెచ్చి ముందు పెడతారు. చెవి పక్షం వాళ్లు గ్రాఫుకు రాగజ్ఞానం ఎక్కడిదని కొట్టిపారేస్తారు. కోఠీ గుజరాతీ గల్లీలో కొట్లాడుకునే కుర్రాళ్ల నుంచి లక్షలు పోసి తీగలు కొనే పెద్దమనుషుల దాకా ఎవరి పక్షం వారిదే. ఈ తగవుకు సంబంధించిన పాఠం ఒకటి హైదరాబాద్‌కు నూట నలభై కిలోమీటర్ల దూరంలో, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న బీదర్‌లో దొరుకుతుందని నా నమ్మకం.

ముందు ఆ పని ఎలా సాగుతుందో చూడాలి. బిద్రీ పాత్రకు మూలం తుత్తునాగం, అంటే జింకు. పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. ఆకురాయితో నున్నగా అరగదీసి, మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. దాంతో తాత్కాలికంగా నల్లబడిన ఒంటి మీద మొనతేలిన ఉలితో లతలూ పూలూ గీస్తారు. గీత వెంబడి చెక్కిన సన్నని గాడిలో వెండి తీగను కూర్చి సుత్తితో మెల్లగా తట్టి ఇముడుస్తారు. మళ్లీ సానపట్టేసరికి పైనున్న నలుపంతా పోతుంది. అప్పుడు పాత్ర చూస్తే ఉసూరుమనిపిస్తుంది. తుత్తునాగమూ తెల్లగానే, వెండీ తెల్లగానే ఉంటుంది. అన్నాళ్లు చెక్కిన పూలతీగ ఎక్కడుందో వెతుక్కోవాలి.

కోటమట్టి పని అప్పుడు మొదలవుతుంది. నవసాగరంతో కలిపి ముద్ద చేసి, గోరువెచ్చగా కాచిన పాత్రకు పట్టిస్తారు. తుత్తునాగం కాటుకలా నల్లబడుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. కడిగి నూనె రాస్తే నల్లటి నేల మీద వెండి పూలు పైకి తేలతాయి. మట్టి మంచిది కాకపోతే ఆ నలుపు రాదు, వచ్చినా బూడిదరంగులో ఆగిపోతుంది. రోజుల తరబడి చేసిన చెక్కుడు పని వెలవెలబోతుంది.

నాలుక దేన్ని పట్టుకుంటోంది? పాత గోడల అడుగున, మనుషులూ పశువులూ మెలిగిన చోట కాలక్రమంలో నైట్రేట్ లవణాలు ఊరతాయి. సురేకారం ఆ కోవలోదే. నీళ్లలో ఇట్టే కరిగిపోయే స్వభావం దానిది. వాన తగిలితే కొట్టుకుపోతుంది, అందుకే నీడపట్టున ఉన్న మట్టే కావాలి. సురేకారం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. నాలుక మీద పడితే ఉప్పగా, కాస్త చేదుగా, చల్లగా తగులుతుంది. పనివాడి నాలుక ఒకేసారి రుచినీ, చలువనూ కొలుస్తోందన్నమాట.

కొలతల పక్షం కూడా బిద్రీ గుమ్మం తొక్కింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోట వృక్షోద్యానాన్ని చూసిన బెంజమిన్ హేన్, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ లోహమిశ్రమాన్ని ఔన్సుల లెక్కన రాసిపెట్టాడు. రంగు కోసం నవసాగరం, సురేకారం, ఉప్పు, మైలుతుత్తం కలిపిన నీళ్లు వాడతారని చెప్పాడు. 1987లో బ్రిటన్ మ్యూజియం శాస్త్రవేత్తలు పాత బిద్రీ వస్తువులను ప్రయోగశాలలో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ఉత్త తుత్తునాగానికి ఆ నలుపు రాదని, కొంచెమైనా రాగి కలిసి తీరాలని అందులో తేలింది. పనివాళ్ల పదహారుకు ఒకటి లెక్క ఊరికే వచ్చింది కాదు. యంత్రం వచ్చి పనివాళ్ల అనుభవాన్ని తప్పుపట్టలేదు, అది ఎందుకు నిజం చెబుతోందో వివరించింది.

మన మృదంగం, తబలాల విషయంలోనూ ఇదే జరిగింది. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మామూలు డోలు తోలు మీద పుట్టే నాదాలకు ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు. మృదంగం తోలు నడుమ పూసే నల్లటి ముద్ద వాటిని తీగవాద్యంలోలాగా శ్రుతికి తెస్తుందని అందులో చూపించారు. 1934లో తోలు మీద సన్నని ఇసుక చల్లి, అది గీతలు కట్టే తీరు చూసి ఏ చోట ఎలా కంపిస్తోందో వివరంగా రాశారు. ఆ ముద్దను పొర మీద పొరగా రుద్దుతూ, తట్టి వింటూ, మళ్లీ రుద్దుతూ సరిచేసినవాళ్లకు సమీకరణాలు తెలియవు. చెవి తెలుసు.

అలాగైతే చెవి పక్షమే గెలిచిందనుకోవాలా? తొందరపడకూడదు. బీదర్ నాలుకకూ, ఖరీదైన సోఫాలో కూర్చుని స్పీకరు వినే చెవికీ పెద్ద తేడా ఉంది. నాలుక చెప్పింది నిజమో కాదో పాత్ర నల్లబడినప్పుడు తేలిపోతుంది. తప్పితే నష్టం తనదే. అలా దెబ్బలు తింటూ పదునెక్కిన నాలుక అది. మృదంగం చేసేవాడికి శ్రుతి కుదరకపోతే విద్వాంసుడు వాద్యాన్ని తిరగ్గొడతాడు. స్పీకరు కొన్న పెద్దమనిషి చెవికి అలాంటి గండం లేదు. బాగుందని ఆయనంటే బాగున్నట్టే, అవునో కాదో తేల్చే నలుపు ఎక్కడా లేదు.

చెవిని మోసం చేయడం ఎంత సులువో ఎడిసన్ కంపెనీకి బాగా తెలుసు. 1915 నుంచి దాదాపు పదేళ్లపాటు అమెరికా ఊరూరా సభలు పెట్టి, వేదిక మీద గాయకురాలినీ ఫోనోగ్రాఫునూ పక్కపక్కన నిలబెట్టారు. దీపాలు ఆర్పి, పాడుతున్నది మనిషో యంత్రమో చెప్పమన్నారు. జనం తికమకపడ్డారు. ఆ సభల్లో పాడిన అన్నా కేస్ ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. యంత్రానికి తగ్గట్టు గొంతు తగ్గించుకుని పాడేదాన్నని ఒప్పుకుంది. చీకటి ఒక్కటే సరిపోదు, పరీక్ష పెట్టేవాడు ఎవరన్నది కూడా చూడాలి.

మీటరు వాళ్ల చరిత్రా అంత గొప్పదేం కాదు. 1970లలో ఆంప్లిఫయర్ కంపెనీలు వక్రీకరణ శాతాన్ని దశాంశ బిందువు తర్వాత సున్నాలు పెంచుకుంటూ ప్రకటించాయి. కాగితం మీద మచ్చలేని కొన్ని పెట్టెలు వింటే గరుకుగా ఉన్నాయి. నిలకడగా సాగే ఒకే స్వరంతో వాటిని పరీక్షించడమే కారణం. సంగీతం అలా నిలకడగా ఉండదు, మృదంగం మీద దెబ్బ పడినట్టు ఉన్నట్టుండి ఎగురుతుంది. ఫిన్లాండ్ ఇంజనీరు మట్టి ఒటాలా ఆ దశాబ్దంలో ఈ లోపం మీదే పనిచేశాడు. మీటరు అబద్ధం చెప్పలేదు, దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు.

తగవు తీర్చడానికి గట్టిగా పూనుకున్నవాడు కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన ఫ్లాయిడ్ టూల్. తెర వెనక స్పీకర్లు పెట్టి, అన్నింటి శబ్దం సమం చేసి, ఏది ఏదో చెప్పకుండా మార్కులు వేయించాడు. ఎదురుగానూ పక్కలకూ ఒడిదుడుకులు లేకుండా సమంగా పలికే స్పీకర్లకే మంచి మార్కులు పడ్డాయి. అంటే తెర వేస్తే చెవీ గ్రాఫూ ఒకే మాట చెప్పాయి. 1994లో సీన్ ఆలివ్‌తో కలిసి మరో పరీక్ష చేశాడు. స్పీకర్లు తయారుచేసే హార్మన్ కంపెనీ ఉద్యోగులే అయిన నలభై మందికి నాలుగు స్పీకర్లు ఒకసారి తెర వేసి, ఒకసారి తెర తీసి వినిపించారు. స్పీకర్లు కంటికి కనబడగానే పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు పెరిగాయి, చవకైన చిన్నదానికి తగ్గాయి. వింటున్నది చెవే అయినా మార్కులు వేసింది కన్నూ, ధర చీటీ.

నా లెక్కలో ఈ తగవు చెవికీ మీటరుకూ మధ్య ఉన్నది కాదు. సరిచూసుకున్న చెవికీ, సరిచూసుకోని చెవికీ మధ్య ఉన్నది. కోటమట్టిని నోట్లో వేసుకునే పనివాడిని ధరా, డబ్బా మీది పేరూ మోసం చేయలేవు. మనకు ఆ అదృష్టం లేదు కనుక తెర కట్టుకోవాలి.

కొత్త స్పీకరు కొనబోయేవాళ్లు దుకాణంలో రెండు పనులు చేయండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదనిపిస్తుంది కాబట్టి, ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి రెండింటినీ ఒకే స్థాయికి తెమ్మనండి. తర్వాత స్పీకర్ల వైపు వీపు తిప్పి కూర్చుని, మీ వెంట వచ్చినవాళ్లను చెప్పకుండా మార్చి మార్చి వినిపించమనండి. మీకు బాగా తెలిసిన పాటే పెట్టించుకోండి. ధర చీటీ చివర్లో చూడొచ్చు.