ఏలూరు సర్కారు చేతులు మారిన విధము

పాతరాజ్యము సడలి క్రొత్తరాజ్యము నిలద్రొక్కుకొనని సంధికాలమున పరరాజ్యములతోడి చెలిమి మిక్కిలి ఖరీదైనది. తురుష్క సామ్రాజ్యము కూలిన పిదప 1920లో, సాన్‌రెమో సభయందు, బ్రిటను ఫ్రాన్సులు అరబ్బు దేశములపై పెత్తనమును పంచుకొనిన కథ మనము వినియున్నదే. సిరియా ఫ్రాన్సునకును, ఇరాకు, పాలస్తీనాలు బ్రిటనునకును దక్కెను. ఆ రెండు రాజ్యములవారే అంతకు నూటయేబది యేండ్లకు పూర్వము మన గోదావరీ కృష్ణల నడిమి సీమలో ఇట్టి ఆటనే ఆడిరి. పెంటపాడు, తాడేపల్లిగూడెము, ఏలూరు, కొల్లేటి తీరములవారికి ఇది ఇంటి కథ.

1748లో హైదరాబాదు నిజాముల్ముల్కు మరణించెను. వారసుల పోరులో నాసిర్‌జంగు, ముజఫర్‌జంగు ఒకరి వెనుక నొకరు హతులైరి. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్‌జంగును గద్దెపై నిలిపెను. గద్దెను నిలిపిన సైన్యమునకు జీతమీయవలెను గదా! బొక్కసమున ధనము లేదు. కనుక 1753 చివర కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను సలాబత్‌జంగు ఫ్రెంచివారి కిచ్చివేసెను. మన రైతు చెల్లించిన శిస్తు ఆనాటినుండి పరాయి పటాలమునకు బత్తెమయ్యెను.

ఇంతలో ఐరోపాలో సప్తవర్ష సంగ్రామము రగుల్కొనెను. 1758లో ఫ్రెంచి అధిపతి లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనెను. ఆ అదను కనిపెట్టి విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణమును ఫ్రెంచివారి నుండి లాగుకొని ఆంగ్లేయులను ఆహ్వానించెను. వంగదేశమునుండి క్లైవు పంపిన కర్నలు ఫోర్డు, 1758 డిసెంబరు 7న చందుర్తి యొద్ద ఫ్రెంచి సేనను ఓడించి, రాజమహేంద్రవరము, ఏలూరు దాటి మచిలీపట్టణమును ముట్టడించెను. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఆరంభించిన దాడితో తెల్లవారులోగా ఆ కోట స్వాధీనమయ్యెను.

అప్పుడు సలాబత్‌జంగు ఏమి చేసెను? ఫ్రెంచివారికి తోడ్పడ సైన్యముతో కదలివచ్చిన ఆయనయే, మే 14న ఆంగ్లేయులతో సంధిచేసికొని, మచిలీపట్టణమును, నిజాంపట్టణమును వారికిచ్చి, ఫ్రెంచివారిని తన దేశమున నుండనీయనని వ్రాసియిచ్చెను. దీనిని కేవల మవకాశవాదమని నిందించుట సులభము. కాని ఆయన వెనుక తమ్ముడు నిజాం అలీ గద్దెకై కాచుకొనియుండెను. ఇంటిలో నమ్మదగినవాడు లేని ప్రభువునకు, బయట గెలిచినవాడే మిత్రుడగును.

ఆ చెలిమియు నిలువలేదు. కొలది యేండ్లలో తమ్ముడే అన్నను చెరపట్టి రాజ్యమేలెను. వింత యేమనగా, 1763లో పారిసు నగరమున సంధి వ్రాసికొనిన ఆంగ్ల, ఫ్రెంచి రాజ్యములు దక్కను సుబేదారుగా సలాబత్‌జంగునే గుర్తించెను! అప్పటికి ఆయన బందీ. ఆ యేటనే మరణించెను.

ఇక ఆంగ్లేయుల నేర్పు చూడుడు. ఖడ్గముతో గెలిచినదానికి కాగితము కూడ వలెనని వారెరుగుదురు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలమునుండి సర్కారులకు ఫర్మానా పొందిరి. పాదుషాకు బిరుదు కలదు, బలము లేదు. నిజాం అలీ దాని నొప్పుకొనలేదు. కావున 1766 నవంబరు 12న ఆయనతో వేరుగా సంధిచేసికొని, ఏటేట తొమ్మిది లక్షల రూపాయలును, అవసరమునకు సైన్యసాయమును ఇత్తుమనిరి. ఈ రాయబారములందు మన తెలుగువాడు కాండ్రేగుల జోగిపంతులు దుబాసిగా వ్యవహరించెను. మరుసటి యేడే నిజాం అలీ హైదరాలీతో చేరి ఆంగ్లేయులపై కత్తిగట్టినను, 1768లో మరల సంధికి రాక తప్పలేదు. తుదకు 1823లో కంపెనీ కోటి పదునారు లక్షలకు పైబడిన మొత్తమును ఒక్కసారిగా చెల్లించి, నిజాము హక్కును పూర్తిగా కొనివేసెను.

ఈ డెబ్బదియేండ్ల పత్రములలో ప్రభువుల పేర్లు కలవు, సేనానుల పేర్లు కలవు, రూపాయల లెక్క కలదు. పొలము దున్నినవాని సమ్మతి మాత్రము ఏ పత్రమునందును కానరాదు. నేటికిని మన సీమను సర్కారు జిల్లాలని వ్యవహరించుచున్నాము. ఆ మాట పలికినపుడెల్ల, తన సైన్యమునకు తాను జీతమీయలేని రాజ్యము తన విదేశనీతిని కూడ తాను నడపుకొనజాలదను సత్యమును మనము స్మరింపవలెను.