మీత్ పల్లెల్లో రాతి తొట్లు

క్లోనీలో, ఆంగర్‌లో కాపురాలు పెట్టుకున్న మన వాళ్లలో చాలామందికి 'బాప్తిజం' అన్న మాట ఎదురైంది చర్చిలో కాదు, స్కూలు అడ్మిషన్ దగ్గర. ఇక్కడి ప్రైమరీ స్కూళ్లలో ఎక్కువ భాగం క్యాథలిక్ చర్చి చేతిలోనివే. సీట్లు తక్కువై పిల్లలు ఎక్కువైతే, బాప్తిజం పొందిన పిల్లలకు ముందు సీటు ఇచ్చుకునే వీలు వాటికి 2018 దాకా ఉండేది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో అది పోయింది. మన వాళ్లు అప్పట్లో దీని గురించి చాలా మథనపడ్డారు. కానీ బిడ్డ మనవాడా, పరాయివాడా అన్నది చర్చి నీళ్లతో తేల్చడం ఈ నేలకు కొత్తేమీ కాదు. ఆ నీళ్లు పట్టిన అయిదారు వందల ఏళ్లనాటి రాతి తొట్లు మనం ఉంటున్న మీత్ కౌంటీలోనే ఉన్నాయి.

వీటిని ఇంగ్లీషులో ఫాంట్ అంటారు. కంప్యూటర్లో అక్షరాల ఫాంటుకూ దీనికీ సంబంధం లేదు. మన క్యాథలిక్కుల మాటలో చెప్పాలంటే జ్ఞానస్నానపు తొట్టి. ఈ తొట్టి ఎలా ఉండాలో 1186లో డబ్లిన్‌లో జరిగిన చర్చి పెద్దల సభ నియమం పెట్టింది. సభ నడిపిన ఆర్చిబిషప్ జాన్ కమిన్ ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. బాప్తిజం ఇచ్చే ప్రతి చర్చిలోనూ కదలని తొట్టి ఉండాలి. రాతిదైనా కావాలి, లేదా లోపల సీసపు రేకు తొడిగిన చెక్కదైనా కావాలి. పైన వెడల్పుగా ఉండాలి, అడుగున బెజ్జం ఉండాలి, వాడిన నీళ్లు ఆ దారిన నేరుగా భూమిలోకి ఇంకాలి. శివాలయంలో అభిషేకం నీళ్లు సోమసూత్రం గుండా పోవడం చూసిన మనకు ఇది వింతగా తోచదు. పవిత్రమైన నీటిని తొక్కకూడదన్న పట్టింపు అక్కడా ఇక్కడా ఒకటే.

వెడల్పుగా ఎందుకంటే, అప్పట్లో పసిబిడ్డను నీళ్లలో ముంచేవారు. నెత్తిన నాలుగు చుక్కలు పోసే పద్ధతి స్థిరపడ్డాక తొట్లు చిన్నవయ్యాయి. ముంచే పద్ధతి మన ఒంగోలు వైపు వాళ్లకు బాగా తెలిసిందే. కరువు రోజులు గడిచాక 1878 జూలై 3న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అక్కడ తొట్టి లేదు, రాయి లేదు, ఏరే సరిపోయింది.

ఇక అసలు విషయానికి వద్దాం. తొట్టి దగ్గర బిడ్డ ఒక్కడే ఉండడు. జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి ఉంటారు. ఆ రోజు నుంచి వాళ్లు ఆ కుటుంబానికి చుట్టాలే. ఎంత చుట్టాలంటే, ఆ వరుసల మధ్య పెళ్లిళ్లు కూడదని చర్చి కట్టుబాటు పెట్టింది. 12వ శతాబ్దంలో ఇంగ్లండు, వేల్స్ నుంచి వచ్చి ఇక్కడ భూములు పట్టిన నార్మన్ల సంతతి కాలక్రమంలో ఐరిష్ వాళ్లతో ఇలా వరుసలు కలుపుకుంది. పాలకులకు ఇది కంటగింపైంది. 1366లో కిల్‌కెన్నీలో చేసిన శాసనాలు, ఇంగ్లీషు వాళ్లు ఐరిష్ వాళ్లతో పెళ్లిళ్లు చేసుకోవడాన్ని, వాళ్ల ఇళ్లలో పిల్లల్ని పెంచుకోవడాన్ని, ఈ జ్ఞానబంధుత్వాన్ని కలిపి నిషేధించాయి. ఐరిష్ భాష మాట్లాడటాన్నీ నిషేధించాయి. జనం మాత్రం పెద్దగా లెక్కచేయలేదు. (ఇవాళ మనం వాడే 'గాసిప్' అన్న మాట ఈ జ్ఞానబంధువుల పేరు నుంచి పుట్టిందే. కలిసి కూర్చుంటే కబుర్లు రాకుండా ఉంటాయా!)

మీత్‌లో మనం చూడగలిగే మంచి తొట్లు 15వ శతాబ్దానివి. డన్సేనీ కోట తోటలో ఉన్న సెయింట్ నికొలస్ చర్చిని ప్లంకెట్ వంశీయులు కట్టించారు. వీళ్లూ వలస వచ్చిన వంశమే. పైకప్పు ఎప్పుడో పోయింది, మొండి గోడలు మిగిలాయి, అపొస్తలుల బొమ్మలు చెక్కిన తొట్టి మిగిలింది. నావన్ దగ్గర కిల్‌కార్న్ తొట్టికి పన్నెండు ముఖాలు. ఒక్కో ముఖం చిన్న గూడులా తొలిచి అందులో బొమ్మలు నిలబెట్టారు. అపొస్తలులతో పాటు మరియమ్మకు కిరీటం పెట్టే దృశ్యం కూడా ఉంది. మా దృష్టిలో వీటన్నిటిలో పనితనం దీనిదే. అయితే అది ఇప్పుడు కిల్‌కార్న్‌లో లేదు, పక్కనే ఉన్న జాన్స్‌టౌన్ క్యాథలిక్ చర్చిలో ఉంది.

ఎందుకు కదిలింది? 16వ శతాబ్దంలో రాజు మతం మారడంతో పాత చర్చిలన్నీ ప్రొటెస్టెంట్ల చేతికి వెళ్లాయి. పల్లెజనం మాత్రం చాలావరకు క్యాథలిక్కులుగానే ఉండిపోయారు. వాళ్లకు మళ్లీ సొంత చర్చిలు కట్టుకోవడానికి వీలు చిక్కింది చాలాకాలం తర్వాత, ముఖ్యంగా 19వ శతాబ్దంలో. ఈలోగా పాతవి చాలా పాడుబడ్డాయి. కదలకూడదని 1186లో నియమం పెట్టిన తొట్లు శిథిలాల నుంచి కొత్త చర్చిలకు కదిలాయి. క్రిక్స్‌టౌన్ తొట్టి కుర్రాహా చర్చికి చేరింది. ఈ తొట్ల కోసం హెలెన్ రో అనే పరిశోధకురాలు ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు, 1968లో వచ్చింది.

క్లోనార్డ్ సంగతి కూడా చెప్పాలి. 6వ శతాబ్దంలో సెయింట్ ఫినియన్ అక్కడ స్థాపించిన మఠం ఐర్లండంతటికీ పేరుమోసిన విద్యాకేంద్రం. ఇప్పుడు వెతికినా దాని గోడలు కనబడవు. అక్కడి మధ్యయుగపు తొట్టి మాత్రం నేటి ఊరి చర్చిలో ఉంది. ఎనిమిది ముఖాల రాయి. ఒక ముఖం మీద యేసు బాప్తిజం, మరొక దాని మీద హేరోదు రాజుకు భయపడి పసిబిడ్డతో ఐగుప్తు దేశానికి పారిపోతున్న మరియమ్మ, యోసేపు.