అతిచురుకు మూత్రాశయం: సూదిమందు చరిత్ర

మూత్రసంచి నిండకముందే దాని కండరం బిగుసుకుని, ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా తొందరపెడితే దాన్ని అతిచురుకు మూత్రాశయం అంటారు. నందిపేట్‌లో నిజామాబాద్ బస్సెక్కాలని పొద్దున్నుంచి గొంతు తడుపుకోని మనిషికి ఈ నిర్వచనంతో పనిలేదు. వేళ పెట్టుకుని మూత్రానికి వెళ్లే అలవాటు, వ్యాయామం, ఆక్సిబ్యుటినిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు, ఇవేవీ పనిచేయనప్పుడు సూది వంతు వస్తుంది.

ఆ సూదిలో ఉండేది బోట్యులినం అనే విషం. పాడైన సాసేజ్‌లు తిని చచ్చిపోయినవాళ్లను 1820 ప్రాంతంలో పరిశీలించిన జర్మన్ వైద్యుడు యుస్టినస్ కెర్నర్, దీన్నే మందుగా వాడొచ్చని అప్పుడే ఊహించాడు. ఆ ఊహ ఫలించడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికా కంటి వైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నుకు వాడి చూపాక, 1989లో అక్కడ అనుమతి దొరికింది.

మూత్రాశయం దగ్గరికి మాత్రం ఇది పక్కదారిన వచ్చింది. 1988లో డిక్‌స్ట్రా అనే వైద్యుడి బృందం వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయ కండరంలో కాక, మూత్రద్వారాన్ని మూసే కండరంలో ఇచ్చింది. నేరుగా మూత్రాశయ కండరంలో పొడిచిన ఫలితాలను బ్రిగిట్టె షుర్క్ బృందం 2000లో ప్రచురించింది. అమెరికాలో నరాల జబ్బువల్ల మూత్రం ఆగనివారికి 2011లో 200 యూనిట్లకు, మిగతావారికి 2013 జనవరిలో 100 యూనిట్లకు అనుమతి వచ్చింది. 

100 యూనిట్ల పొడిని 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, సిస్టోస్కోప్ అనే సన్నని గొట్టంతో లోపల చూస్తూ ఇరవై చోట్ల అర మిల్లీలీటరు చొప్పున ఎక్కిస్తారు. ఫలితం కొన్ని నెలలే, తర్వాత మళ్లీ పొడిపించుకోవాలి.

మందులను పోల్చి చూసేటప్పుడు యూనిట్ దగ్గరే చాలామంది పొరబడతారు. బొటాక్స్, డిస్పోర్ట్ రెండూ ఈ విషంతో చేసిన మందులే అయినా, వాటి యూనిట్లు ఒకటి కావు. ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానికతో సరిపోనట్టే, ఒకదాని లెక్కతో రెండోది ఇవ్వడం ప్రమాదం. ఇక సూదికి అసలైన పోటీ వెన్ను కింది నరాలకు కరెంటు ఇచ్చే పరికరంతో జరిగింది. 2016లో అచ్చయిన రొజెట్టా పరీక్షలో ఆడవాళ్లకు 200 యూనిట్లు ఇస్తే ఆరు నెలల్లో రోజుకు సగటున 3.9 లీకులు తగ్గాయి, పరికరంతో 3.3. రెండేళ్లు తిరిగేసరికి ఆ తేడా పోయింది. సూది పొడిపించుకున్నవారికి మూత్రంలో ఇన్ఫెక్షన్లు మాత్రం బాగా ఎక్కువ.

ఇంకో చిక్కు, కొందరికి మూత్రం పూర్తిగా బిగపట్టేయడం. అందుకే సన్నటి కెథీటర్ గొట్టం అవసరమైతే తానే పెట్టుకోవడానికి సిద్ధమా అని ముందే అడుగుతారు. ఒప్పుకోనివారికి సాధారణంగా ఈ సూది వేయరు.