మన అక్షరాలు కంప్యూటరులోకి ఎలా వెళ్ళాయి

స్వర్ణోత్సవ సంచికకి కంప్యూటర్ల మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. ఏ ఫోను కొనాలి, పిల్లల్ని వీడియో గేముల నుంచి ఎలా తప్పించాలి అన్న ప్రశ్నలు ప్రతి పెళ్ళిలోనూ నన్ను అడుగుతూనే ఉంటారు, వాటికి నా దగ్గర మంచి జవాబులు లేవు. అందుకని ఈ ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో నేను దగ్గరగా గమనించిన ఒక చిన్న చరిత్ర రాస్తున్నాను. అది తెలుగు అక్షరాలు కంప్యూటరులోకి ప్రవేశించిన కథ. మన సంఘానికి దానితో పనేమిటో మధ్యలో తెలుస్తుంది.

మేము బడిలో ఉన్న రోజుల్లో, 1984లో, కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలో కొన్ని ఎంపిక చేసిన పాఠశాలలకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు పంపింది. గరివిడి దాకా అవి రాలేదు. మాకు తెలిసిన పెద్ద యంత్రాలు ఫేకర్ కొలిములు, గర్భాం నుంచి మాంగనీసు మోసుకొచ్చే లారీలు. అక్షరాలకి సంబంధించిన యంత్రం ఒక్కటే, టైపు మిషను. పదో తరగతి పాసయితే చీపురుపల్లి, విజయనగరంలో టైపు ఇన్‌స్టిట్యూటుకి వెళ్ళడం రివాజు. 1966 అధికార భాషా చట్టం తర్వాత ఆఫీసుల్లో తెలుగు టైపుకి కొంత గిరాకీ వచ్చింది గానీ, నేర్చుకునేవాళ్ళు ఎక్కువమంది ఇంగ్లీషు మిషను దగ్గరే కూర్చునేవారు.

తెలుగు టైపు మిషను తయారుచేసినవాళ్ళ కష్టం ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు చాలు. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే వేల రూపాలు. అన్ని మీటలు పెట్టలేరు కనుక అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. కొన్ని మీటలు నొక్కితే క్యారేజి కదలదు, ముందు కొట్టిన ముక్క మీదో కిందో ఇంకో ముక్క పడి అక్షరం పూర్తవుతుంది. కాగితం మీద చూసేవాడికి అది ‘శ్రీ’. మిషనుకి మాత్రం ఏవో మూడు నాలుగు గీతలు. కాగితమే గమ్యం కనుక ఇందులో తప్పేమీ లేదు. ఈ ముక్కల పద్ధతి కంప్యూటరులోకి కూడా వచ్చి కూర్చోవడంతో చిక్కు మొదలయింది.

కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ‘క’ అనే అక్షరానికి ఒక సంఖ్య అనుకుని, అది కనబడినచోట ‘క’ బొమ్మ గీయమని చెప్పాలి. ఏ సంఖ్య అన్నది ఎవరిష్టం వారిదయితే ఒకరు రాసినది ఇంకొకరు చదవలేరు. ఇంజనీర్లకి దీన్ని బోల్టుతో చెప్పవచ్చు. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు మర పిచ్ 1.75 మిల్లీమీటర్లని ప్రపంచమంతా ఒప్పుకుంది కనుకనే ఒక ఊళ్ళో కొన్న బోల్టుకి ఇంకో ఊరి నట్టు పడుతుంది. ఆ కొలత ఏ కంపెనీ సొత్తూ కాదు.

భారతీయ లిపులకి ఆ కొలత వెతికే పని 1980ల మొదట్లో కాన్పూరు ఐఐటీలో జరిగింది. ఆర్.ఎం.కె. సిన్హా, మోహన్ తాంబే వంటివాళ్ళు అక్కడ చేసిన పని తర్వాత పూణేలో 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థకి ‘జిస్ట్’ పేరుతో చేరింది. వాళ్ళు గుర్తించిన విషయం చాలా సాదా. మన లిపులన్నీ చూడటానికి వేరు గానీ లోపలి నిర్మాణం ఒకటే. కాబట్టి యంత్రంలో ముక్కల్ని కాకుండా వర్ణాల్ని దాచాలి, బొమ్మ ఎలా గీయాలో తెర మీదకి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఒకటో తరగతిలో మన మాస్టార్లు గుణింతం ఎలా చెప్పించేవారో గుర్తు తెచ్చుకోండి. ‘క కు దీర్ఘమిస్తే కా, క కు గుడిస్తే కి.’ ‘శ్రీ’ రాయమంటే శ కి రావత్తు, గుడి దీర్ఘం అని చెప్పుకుంటూ రాసేవాళ్ళం. ఈనాడు మీ ఫోనులో ‘శ్రీ’ దాగి ఉండేది దాదాపు ఆ వరసలోనే: శ, పొల్లు, ర, దీర్ఘం ఉన్న గుడి. నాలుగు సంఖ్యలు. ఆ ఫోను తయారుచేసినవాడికి తెలుగు రాకపోయినా, పలక మీద మనం దిద్దిన పద్ధతే దాని లోపల ఉంది. ఈ సంగతి ఉపాధ్యాయులకి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

1991 ఈ కథలో పెద్ద సంవత్సరం. భారతీయ లిపుల సంకేతం ‘ఇస్కీ’ ఆ ఏడాది భారత ప్రమాణంగా వచ్చింది. దాని 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకుని మన లిపులకి చోటిచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణం వెలువడింది కూడా ఆ అక్టోబరులోనే. అందులో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 గదులు. మన ‘క’ సంఖ్య 3093. హిందీ ‘క’ 2325. తేడా 768. ‘గ’కి చూసినా, ‘మ’కి చూసినా అదే 768. లెక్కల మాస్టారు ఉంటే సంతోషించేవారు. అదే సంవత్సరం ఆగస్టులో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తను రాస్తున్న లినక్స్ సంగతి బయటపెట్టాడు. ఈ రెండో పాయ మన కథలోకి తర్వాత వచ్చి కలుస్తుంది.

ప్రమాణం వచ్చినంత మాత్రాన వాడుక రాదు. మామూలు ఇళ్ళలోని కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనబడటానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన ‘గౌతమి’ ఫాంటు దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా సీడీ పెట్టి ప్రత్యేకంగా ఎక్కించుకోవాలి. ఈ మధ్య పదేళ్ళలో డీటీపీ వచ్చింది. అను ఫాంట్లు, శ్రీలిపి వంటివి తెలుగు అచ్చుపనిని మార్చేశాయి. అక్షరాలు అందంగా ఉండేవి, పని త్వరగా అయ్యేది. శుభలేఖ దగ్గర్నుంచి నిఘంటువు దాకా వాటి మీదే తయారయ్యాయి. ఆ మేలుని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ కాలపు ఫాంట్లు టైపు మిషను దారినే వెళ్ళాయి. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు. ఒక్కో ఫాంటు తొడుగు ఒక్కో రకం. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగు, లేనిచోట ఇంగ్లీషు అక్షరాల కిచిడి. వెతకడానికి లేదు, అకారాది క్రమంలో పెట్టడానికి లేదు.

మన సంఘం రజతోత్సవ సంచిక కూడా ఆ కాలపుదే. దాని ఫైళ్ళు సంఘం బీరువాలో సీడీ మీద భద్రంగానే ఉన్నాయి. ఈ సంచిక కోసం వాటిని తెరిస్తే, తెర నిండా బ్రాకెట్లు, డాలరు గుర్తులు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఆ ఫాంటు ఎవరిదో, టైపు చేసిన డీటీపీ సెంటరు ఏదో ఇక్కడ అనవసరం. అందరూ చేసినట్టే వాళ్ళూ చేశారు. అందులో వ్యాసాలు రాసిన మాస్టార్లలో కొందరు ఇప్పుడు లేరు. బడి మొదలయిన రోజుల గురించి వాళ్ళు రాసినది ఇంకెక్కడా లేదు.

ఈ తొడుగులు విప్పే పనికి పూనుకున్నది ఏ పెద్ద కంపెనీ కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతిని 1990ల మొదట్లోనే ఏర్పరిచారు. కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ పేర్లు ఇక్కడ చెప్పాలి. చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. దానికి ఆర్టీఎస్ అని పేరు. దేశికాచారి గారు పోతన, వేమన అని యూనికోడ్ ఫాంట్లు చేసి ఊరికే పంచారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని ప్రారంభించిన వెన్న నాగార్జున గారే ‘పద్మ’ అనే పనిముట్టు రాశారు. అప్పట్లో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. పద్మ ఆ తొడుగు విప్పి యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. పద్మని ఆధారం చేసుకునే 2006లో వీవెన్ గారు ‘లేఖిని’ చేశారు. ఇంగ్లీషు కీబోర్డుతో అప్పటికప్పుడు తెలుగు రాసుకునే పేజీ అది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇంటికి తెలుగులో ఈమెయిలు రాయడం మొదలుపెట్టింది ఇలాంటి వాటితోనే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వారు లినక్స్ తెరల్నే తెలుగులోకి మార్చారు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటతో ఒక తికమక ఉంది, డబ్బు లేకుండా వచ్చేదా, కట్టుబాటు లేనిదా అని. తెలుగులో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన చేతి ఫోనులో తెలుగు కీబోర్డు ఉచితం. కంపెనీ వద్దనుకుంటే అది రేపు ఉండదు. విండోస్‌లో దించుకుని వాడుకునే గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌ని ఆ కంపెనీ అలాగే ఆపేసింది. పద్మ అలా కాదు. రాసిన మనిషి దాని లోపలి రాతని కూడా ఇచ్చేశాడు కనుక ఇంకొకరు దాని మీద లేఖిని కట్టగలిగారు.

అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మిత్రులతో నాకు ఒకచోట పేచీ ఉంది. తెలుగు జనం చేతికి తెలుగు రాత వచ్చింది లినక్స్ వల్ల అని వాళ్ళంటారు. నేను ఒప్పుకోను. అది వచ్చింది ఫోన్ల వల్ల, వాట్సాప్ వల్ల. ఇవాళ గరివిడి సంతలో కూరగాయలమ్మే మనిషి కూడా తెలుగులో మెసేజి పెడుతోంది. ఆ ఫోనుల్లో చాలా భాగం కంపెనీల గుప్పిట్లోదే. అయినా నేను పెద్దగా భయపడటం లేదు. ఏ కంపెనీ ఫోనులో కొట్టినా ‘క’ 3093నే. రాసే పనిముట్టు ఎవరిదైనా, రాసిన అక్షరం ఉమ్మడిది. ముందు ఆ ఉమ్మడి సంఖ్య కావాలి, లైసెన్సు సంగతి తర్వాత.

గుప్పిట్లో ఉంటే వచ్చే కష్టం ఒకసారి ప్రపంచమంతా చూసింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని ఒక ప్రత్యేక వరసలో పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. కనబడని ఆ గుర్తు మనకి కొత్తది కాదు. ‘ఫేస్‌బుక్’ అని రాసినప్పుడు స్ కింద బావత్తు పడకుండా ఆపేది అదే. ఆ నాలుగు రోజులూ ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఐఫోనుని పడగొట్టిందని రాశాయి. అక్షరం ఎవరినీ పడగొట్టలేదు, గీసే యంత్రం తడబడింది. ఆ నెల 19న కంపెనీ సరిచేసిన రూపం విడుదల చేసింది. అంతవరకూ బయటివాళ్ళు చూసి బాగుచేసే వీలు లేదు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీసు వాడే ‘హార్ఫ్‌బజ్’ అనే గీత యంత్రం అలా కాదు. దాని రాత అంతా బహిరంగం. తెలుగు తెలిసిన కాలేజీ కుర్రాడు కూడా తప్పు పట్టుకుని చెప్పవచ్చు.

మన ప్రాంతం వాళ్ళకి ఇంకో రెండు సంగతులు. సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సు మీద విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గురజాడ, ఇంకొకదాని పేరు గిడుగు. వాడుక భాష కోసం పోరాడిన ఇద్దరి పేర్లు ఇప్పుడు ఎవరి కంప్యూటరులోకైనా పైసా ఖర్చు లేకుండా వస్తాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు మరొక పని కూడా చేశారు. సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. ఆ సవరలకి 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన లిపి, సొరా సొంపెంగ్, 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే కురుపాం కొండల మీద మాట్లాడే భాషకి కూడా ఇప్పుడు గదులు కేటాయించి ఉన్నాయి. తెలుగు ‘ౘ’, ‘ౙ’లకి 2008లో గాని చోటు దొరకలేదని కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరో ఒకరు పట్టుబట్టి అడిగితేనే గది వస్తుంది.

ఇక రజతోత్సవ సంచిక సంగతి. సీడీ మొరాయించినా అచ్చు పుస్తకం ఒకటి మంచి స్థితిలో దొరికింది. దాన్ని స్కాన్ చేసి, ‘టెసెరాక్ట్’ అనే పనిముట్టుతో అక్షరాల్లోకి మార్చాం. ఒకప్పుడు హెచ్‌పీ కంపెనీ తయారుచేసి పక్కన పెట్టినది, 2005లో అందరికీ ఇచ్చేసింది. తెలుగు చదవడం దానికి తర్వాత వచ్చింది. చాలా వరకు బాగానే చదివింది. మ ని య అని, ధ ని థ అని, ప ని వ అని అక్కడక్కడా పొరబడింది. మామూలు మాటల్లో తప్పులు మేమే దిద్దేశాం.

మిగిలినవి పేర్లు. మనుషుల ఇంటిపేర్లు, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు, మాస్టార్లకి పిల్లలు పెట్టిన ముద్దుపేర్లు. అచ్చులోనే మసక పడినచోట అది మా ప అయినా కావచ్చు, వ అయినా కావచ్చు, నిఘంటువు చూసి తేల్చడానికి లేదు. ఆ కాలపు బ్యాచీల వాళ్ళకే తెలుస్తుంది. స్వర్ణోత్సవం రోజున ఆ పేజీల ప్రింట్లు పెద్ద అక్షరాల్లో రిజిస్ట్రేషను బల్ల పక్కన పెడుతున్నాం, అనుమానం ఉన్నచోట ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది. కళ్ళజోడు తెచ్చుకోండి, పెన్నులు మేము ఇస్తాం.