స్పర్శను తిరిగి ఇచ్చు శస్త్రచికిత్స

మన మెదక్ అధ్యక్ష మండలములో వైద్య పరిచర్యను గూర్చి చెప్పుకొనునప్పుడు డిచ్‌పల్లిని మరువరాదు. 1907లో మన దేశమునకు వచ్చిన వెస్లియన్ మిషనెరీ డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు, నర్సా గౌడ్ అను హిందూ దాత ధనసహాయముతో, 1915లో అచ్చట కుష్ఠు వైద్యశాలను ప్రారంభించిరి. ఆ దినములలో ఈ వ్యాధి వలననే వ్రేళ్లు కుళ్లి రాలిపోవునని జనులు తలంచెడివారు.

ఆ తలంపు సరికాదని చూపినవారిలో ముఖ్యులు డాక్టర్ పాల్ బ్రాండ్ గారు. తమిళనాట కొల్లి కొండలలో పెరిగిన ఈ మిషనెరీ బిడ్డ, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిరి. వ్యాధి నరములను చెరుపును; నొప్పి తెలియని చేయి కాలిన గిన్నెను వదలదు, గాయముతోనే పనిచేయును; వ్రేళ్లు పోవుటకు ఇదియే కారణమని ఆయన గ్రహించిరి. బలముగల కండరముల కొనలను మార్చి కుట్టి, ముడుచుకొనిపోయిన వ్రేళ్లను చాపించిరి. అయితే కదలిక వచ్చెను గాని స్పర్శ రాలేదు.

స్పర్శను తెచ్చు మార్గమును 1950లలో స్వీడనుకు చెందిన ఎరిక్ మోబర్గ్, అమెరికాకు చెందిన విలియం లిట్లర్ చూపిరి. బొటనవ్రేలి కొన మొద్దుబారినచో, ఉంగరపు వ్రేలి ప్రక్కనున్న చర్మపు తునకను, దాని నరమును రక్తనాళములను తెంపకుండ, అరచేతి మీదుగా తెచ్చి అచ్చట అతుకుదురు. వింత యేమనగా, బొటనవ్రేలిని తాకినను ఉంగరపు వ్రేలిని తాకినట్లే మొదట రోగికి తోచును. మెదడు క్రొత్త చోటును నేర్చుకొనుటకు కాలము పట్టును. కొందరిలో అది పూర్తిగా నేర్వదు. ఇచ్చిన వ్రేలు తన స్పర్శను కొంత పోగొట్టుకొనును. ఇచ్చుటకు బాగుగానున్న నరము కావలెను గనుక, నరములు అనేకచోట్ల చెడిన కుష్ఠురోగులలో చాలమందికి ఇది పనికిరాదు.

ఈ సంగతి మనకేల? 1970ల నుండి పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమున ఫ్యాక్టరీలు పెరిగినవి. మన సంఘముల యౌవనస్థులనేకులు యంత్రముల యొద్ద చేతులతోనే బ్రదుకుచున్నారు. చేయి నలిగినప్పుడు పుండు మానిన చాలునని ఊరకుండరాదు. పట్టుకొను వ్రేళ్లకు స్పర్శ యున్నదా, లేనియెడల తేగల మార్గమున్నదా అని వైద్యుని అడుగవలెను. ఒంటిపై స్పర్శ తెలియని మచ్చ కనబడినచో సిగ్గుపడక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. అచ్చట కుష్ఠుకు మందులు ఉచితము. నరము చెడకముందే మందు పుచ్చుకొనిన, ఏ శస్త్రచికిత్సయు తిరిగి ఇయ్యలేని దానిని కాపాడుకొందుము.

ఒక అవయవము బాధపడినప్పుడు మిగిలినవియు బాధపడునని పౌలు కొరింథీయులకు వ్రాసెను. నొప్పి తెలియుట శిక్ష కాదు, శరీరమునకు కావలి. నలిగిన చేతితో ఇంట కూర్చున్న సహోదరుని బాధ సంఘమునకు తెలియనియెడల, మొద్దుబారినది అతని వ్రేలు మాత్రమే కాదు.