మన బస్సు ఆగని ఊళ్లు

మన సంఘం ఏర్పాటు చేసే విహారయాత్రలు ఎటు వెళ్తాయో సభ్యులందరికీ తెలిసిందే. అమరావతి, కొండపల్లి ఖిల్లా, ఘంటసాల, హంసలదీవి. కార్తీక మాసమైతే వనభోజనం, సెలవులు కలిసొస్తే విశాఖపట్నం. విశాఖలో అందరూ కురుసుర జలాంతర్గామి ఎక్కుతారు. 1971 యుద్ధకాలంలో మన నౌకాదళంలో ఉన్న ఆ జలాంతర్గామిని 2002లో ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. మనవలు పెరిస్కోపులోంచి చూస్తుంటే తాతలు ఆ యుద్ధం రోజుల కబుర్లు చెబుతారు. యుద్ధానికి సంబంధించిన ఒక చోటు మనవాళ్ల యాత్రలో సహజంగా కలిసిపోయిన ఉదాహరణ నాకు తెలిసి అదొక్కటే.

ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో అటువంటి యాత్ర మన ఊరి చుట్టూనే ఎందుకు పెట్టుకోకూడదన్నది ఈ వ్యాసంలో నేను వేస్తున్న ప్రశ్న.

ఇతర దేశాల్లో ఇది కొత్త సంగతి కాదు. మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. వాళ్లను చూడబోయిన తల్లిదండ్రులు జర్మనీలో మ్యూనిక్ దగ్గరి డాఖౌ నిర్బంధ శిబిరాన్ని చూసి వస్తున్నారు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, 1933 మార్చిలో, తెరిచిన శిబిరమది. 1965 నుంచి స్మారకస్థలంగా ఉంది. అక్కడికి బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. ఫ్రాన్స్‌లో నార్మండీ తీరానికి, కొరియాలో రెండు దేశాల మధ్య సరిహద్దు మండలానికి రోజూ బస్సులు నడుస్తాయి. కంబోడియా రాజధాని నాంపెన్‌లో టువోల్ స్లెంగ్ అనే చోటు ఉంది. అదొకప్పుడు హైస్కూలు. 1975 తర్వాత పోల్‌పాట్ ప్రభుత్వం దాన్ని చిత్రహింసల జైలుగా మార్చింది. ఇప్పుడు ప్రదర్శనశాల. తరగతి గదుల్ని ఇటుక గోడలతో కొట్లుగా విడగొట్టిన తీరు అక్కడ అలాగే ఉంచారు. ఒక బడి మీద ప్రేమతో ఏటా కలుసుకునే మనకు ఆ సంగతి వేరే వివరించనక్కర లేదు.

మరి మన దగ్గర ఏమున్నాయి? చాలా ఉన్నాయి. వాటి పక్కగానే మన బస్సు వెళ్తుంది, ఆగదు.

గన్నవరం నుంచి తెనాలి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా గగ్గోలు. చెన్నపట్నం నుంచి ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. మనం నేడు విమానం ఎక్కే గన్నవరం ఆ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా పనిచేసింది. రోజూ వందలమంది పెట్టెలు దొర్లించుకుంటూ నడిచే ఆ చోటికి ఇంత కథ ఉందని ఎంతమందికి తెలుసు?

అదే సంవత్సరం ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. నాలుగు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 12న, తెనాలిలో జనం రైల్వే స్టేషన్ మీద పడ్డారు. స్టేషన్ తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురి పేరిట తెనాలి నడిబొడ్డున రణరంగ చౌక్ ఉంది. ఏటా ఆ రోజున అక్కడ నివాళులర్పిస్తారు. మన ప్రాంతంలో యుద్ధకాలపు జ్ఞాపకాన్ని ఊరు తన చేతుల్లో పెట్టుకుని కాపాడుకున్న చోటు ఇది. యాత్ర మొదలుపెట్టడానికి ఇంతకన్నా తగిన స్థలం లేదు.

హైదరాబాదు రోడ్డు

అసలు కథ పడమటి దారిలో ఉంది. విజయవాడ నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పరిటాల వస్తుంది. 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. బస్సులో అందరూ దండం పెట్టుకుంటారు. స్వామికి దండం పెట్టాక ఊరి వైపు కూడా ఒకసారి చూడాలి. ఎందుకంటే ఈ ఊరు, దాని చుట్టుపక్కల కొద్ది పల్లెలు ఒకప్పుడు కృష్ణా జిల్లా మధ్యలో ఉన్న నిజాం రాజ్యం.

ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినప్పుడు వజ్రాల గనులున్న ఈ పల్లెల్ని నిజాం తన కిందే ఉంచుకున్నాడు. 1947 ఆగస్టు 15న చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ స్వాతంత్ర్యం వచ్చింది. పరిటాలకు రాలేదు. పక్క ఊరు కంచికచర్లలో మువ్వన్నెల జెండా, ఇక్కడ నిజాం పాలన. ఆ పరిస్థితిని ఊరివాళ్లు ఒప్పుకోలేదు. తిరగబడి తమను తాము స్వతంత్ర పరిటాల రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నారు. పెద్ద పెద్ద సంస్థానాలు ఎటు చేరాలా అని తర్జనభర్జన పడుతున్న రోజుల్లో కొన్ని పల్లెల రైతులు చేసిన పని ఇది.

నందిగామ, జగ్గయ్యపేట దాటితే గరికపాడు చెక్‌పోస్టు. 2014 తర్వాత అది మళ్లీ రాష్ట్ర సరిహద్దయింది. 1948లో ఇదే దారి రెండు రాజ్యాల మధ్య సరిహద్దు. యథాతథ ఒప్పందం 1947 నవంబరు 29న కుదిరినా, కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు ఆగలేదు. ప్రాణాలు, పరువు దక్కించుకోవడానికి జనం కుటుంబాలతో ఇటు దాటి వచ్చారు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు పొడవునా శిబిరాలు పెట్టింది. కమ్యూనిస్టుల నాయకత్వంలో అటు సాగుతున్న రైతాంగ పోరాటానికి విజయవాడ వెన్నుదన్నుగా నిలిచింది.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం నాలుగు వైపుల నుంచి నిజాం రాజ్యంలోకి కదిలింది. ప్రధాన దళం షోలాపూర్ నుంచి. విజయవాడ నుంచి కదిలిన దళానికి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పటాలంలో మామూలు సిపాయిగా ఫ్రాన్స్‌లో పోరాడిన మనిషి ఆయన. ఆయన పోరాడిన ఫ్రాన్స్ యుద్ధభూముల్ని చూడటానికి నేటికీ బస్సుల్లో జనం వెళ్తారు. ఆయన దళం నడిచిన మన రోడ్డు మీద ఆ సంగతి చెప్పే బోర్డు నాకెక్కడా కనపడలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకల్లా దళం కోదాడ చేరింది. నిజాం సాయుధ శకటాలు ఈ దారిలోనే గట్టిగా ఎదిరించాయి. సాయంత్రానికి మునగాల. ఈ మునగాల పరిటాలకు సరిగ్గా తిరగేసిన బొమ్మ: నిజాం రాజ్యం మధ్యలో ఉన్న కృష్ణా జిల్లా ముక్క. 1959 దాకా అది మన జిల్లాలోనే ఉండి, ఆ తర్వాత నల్లగొండలో కలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానం ఇదే. తెలుగులో చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు అచ్చువేసిన విజ్ఞాన చంద్రికా మండలికి మునగాల రాజా అండగా నిలిచారు. అదే జమీందారీ మీద 1930లలో రైతులు పోరాడారన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. రెండూ చెప్పుకోవాలి.

మర్నాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు మూసీ మీద వంతెన పేల్చేశారు. భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుని ముందుకు వెళ్లింది. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. నేడు మన హైదరాబాదు బస్సులు సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగుతాయి. ఇడ్లీ తిని, టీ తాగి, హారన్ మోగగానే పరుగెత్తుకెళ్లి ఎక్కుతాం.

గైడు ఏం చెప్పాలి?

యాత్ర వేయడం తేలిక. బస్సులో మైకు పట్టుకున్న మనిషి ఏం చెప్పాలన్నదే కష్టం. సగం చరిత్ర చెబితే అసలు చెప్పకపోవడం కన్నా చేటు.

రజాకార్ల దౌర్జన్యం చెప్పాలి, తగ్గించకుండా చెప్పాలి. ఆ రజాకార్లను ఎదిరించి, విలీనం కోరుతూ రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అన్న సంగతి కూడా అదే ఊపిరిలో చెప్పాలి. దేశ్‌ముఖ్ మీద నిలబడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ పేరు చెప్పాలి. లేకపోతే వినే పిల్లలు ఒక పాలనను అసహ్యించుకోవడం మాని ఒక మతాన్ని అసహ్యించుకుంటారు.

సైనిక చర్య తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ 1948 చివర్లో ఆ జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ మరణాలు మరాఠీ, కన్నడ జిల్లాల్లో. ఆ నివేదిక జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. అరవై ఐదేళ్లు పట్టింది.

మన గడప కూడా మినహాయింపు కాదు. రైతాంగ పోరాటానికి ఆశ్రయమిచ్చిన కృష్ణా జిల్లా పల్లెల మీద మద్రాసు ప్రభుత్వ పోలీసులు విరుచుకుపడ్డారు. 1949లో ఉయ్యూరు దగ్గరి కాటూరులో, దానికి ఎంతో దూరం లేని ఎలమర్రులో మగవాళ్లను బట్టలూడదీసి నడిపించారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు. నిజాం చెడ్డవాడని చెప్పడానికి పరిటాలలో ఆగిన బస్సు, మన పాలకులు చేసిన పని చెప్పడానికి కాటూరులో ఆగకపోతే ఆ యాత్రకు విలువ లేదు. డాఖౌలో జర్మన్ పిల్లలకు చూపిస్తున్నది పరాయివాళ్ల నేరం కాదు, తమ దేశం చేసిన నేరం. ఆ యాత్రల బలమంతా అక్కడే ఉంది.

మన తరం కళ్లారా చూసిన ఎమర్జెన్సీ సంగతీ అంతే. 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు ఆదిలాబాద్ రైతు ఉద్యమకారుల్ని ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి కట్టడం మంచిదే, వేలమందికి ప్రాణం పోస్తోంది. గోడ పోతే దానితోపాటు గుర్తు కూడా పోతుందని మాత్రం మనం తెలుసుకోవాలి.

తలా ఒక చేయి వేస్తే

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. జర్మనీలో ఒక కళాకారుడు మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. నాజీలు పట్టుకెళ్లిన మనిషి చివరిగా ఉన్న ఇంటి ముందు, కాలిబాటలో, అరచేయంత ఇత్తడి పలక బిగిస్తారు. దాని మీద పేరు, పుట్టిన సంవత్సరం, ఏమయ్యారన్న సంగతి, అంతే. నడిచేవాళ్లు తల వంచి చదువుతారు. మన ఊళ్లలో బడి గోడ మీద, గ్రంథాలయం అరుగు మీద అలాంటి పలక ఒకటి పెట్టించడం పూర్వ విద్యార్థుల సంఘాలకు మోయలేని భారమేమీ కాదు.

పలక కన్నా ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది. 1948లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. సరిహద్దు దాటి వచ్చిన బండ్లను చూసినవాళ్లు, శిబిరాలకు అన్నం మోసినవాళ్లు, కాటూరులో తండ్రి తలవంచుకుని ఇంటికి రావడం చూసినవాళ్లు మన ఇళ్లలో, మన వీధుల్లో ఇంకా కొద్దిమంది ఉన్నారు. ప్రతి సభ్యుడి చేతిలో ఫోను ఉంది. ఒక మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చుని, అడ్డు రాకుండా విని, రికార్డు చేసి సంఘానికి అందజేస్తే చాలు. బస్సులో మైకు ముందు వినిపించాల్సిన గొంతులు అవే.

వచ్చే సెప్టెంబరులో మొదటి బస్సు వేద్దామని కార్యవర్గానికి నా ప్రతిపాదన. ఉదయం ఆరింటికి బడి గేటు దగ్గర బయలుదేరాలి. ముందు సీట్లు పెద్దవాళ్లకు, కిటికీ సీట్లు పిల్లలకు. మొదట పరిటాల, ఆ తర్వాత మునగాల, సూర్యాపేట. తిరుగు ప్రయాణంలో పొద్దు ఉండగానే కాటూరు. ఈసారి సూర్యాపేటలో టిఫిన్ చేశాక ఎవరూ బస్సు వైపు పరుగెత్తనక్కర లేదు.