పెళ్లికి ముందు పట్టా

అమెరికా పశ్చిమ ప్రాంతం అనగానే తెలుగు పాఠకుడికి గుర్రం, తుపాకి, దుమ్ము రేగే వీధి గుర్తుకు రావడం సహజం. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో మన తెరకెక్కిన ఆ లోకంలో ఆడవాళ్లకు దక్కిన చోటు తక్కువే. అదే నేలను, అదే కాలాన్ని ఆధారం చేసుకుని ఇంగ్లీషులో విస్తారంగా పెరిగిన ‘చారిత్రక వెస్టర్న్ రొమాన్స్’ అనే నవలాశాఖలో మాత్రం కథకు కేంద్రం స్త్రీయే. పందొమ్మిదో శతాబ్దంలో మిసిసిపీ నదికి పడమటగా సాగిన వలసల కాలంలో నడిచే ఈ ప్రేమకథల్లో నాయిక బడిపంతులమ్మో, వైద్యురాలో, కంచరగాడిదలతో సరుకు బండ్లు తోలే మనిషో, సొంత భూమి ఉన్న రైతో అయి ఉంటుంది. ఈ నాయికను నేటి స్త్రీకి పాతకాలపు గౌను తొడిగి నిలబెట్టిన బొమ్మగా కొట్టిపారేసేవారు ఉన్నారు గానీ, ఆనాటి భూమి రికార్డులు తిరగేస్తే ఆ మాట నిలవదు.

ఇంగ్లండు నుంచి అమెరికాకు వచ్చిన సంప్రదాయ న్యాయం ప్రకారం పెళ్లితో స్త్రీ చట్టపరమైన అస్తిత్వం భర్తలో కలిసిపోయేది. ‘కవర్చర్’ అనే ఈ సూత్రం కింద భార్య సంపాదన, నగానట్రా భర్త సొత్తయ్యేవి, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న భూమిపైనా అతని అజమాయిషీయే సాగేది, ఆమె తన పేరిట ఒప్పందం రాసుకునే వీలుండేది కాదు. ఇంగ్లండులో ఈ కట్టు 1870, 1882 నాటి చట్టాలతో గాని సడలలేదు. కాబట్టి ఆ దేశపు ప్రభువుల భవనాల్లో, విందుల్లో, నాట్యశాలల్లో నడిచే రొమాన్సుల్లో నాయిక ఎంత మాటకారి అయినా ఆమె బతుకు ఎవరిని పెళ్లాడుతుందన్న దగ్గరే తేలుతుంది. అమెరికా పశ్చిమాన నడిచే కథకు ఆ ఇరుకు లేకపోవడానికి కారణం అక్కడి గాలిలోని స్వేచ్ఛ అని కవిత్వంగా చెప్పేవారున్నా, అసలు కారణం భూమి చట్టాల్లో ఉంది.

1850లో ఒరెగాన్ ప్రాంతానికి చేసిన చట్టం ఒంటరి పురుషుడికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు కేటాయిస్తూ అందులో సగాన్ని భార్యకే సొంతహక్కుగా ఇచ్చింది. దానితో అక్కడ పెళ్లీడు రాని ఆడపిల్లలకు సైతం హఠాత్తుగా సంబంధాలు రావడం ఈ కథలోని చేదు భాగం. అంతకంటే పెద్ద మలుపు 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం. ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకుని, ఐదేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు వేసి, సాగు చేసి, ఆ సంగతిని సాక్షులతో రుజువు చేసుకున్నవారికి పట్టా ఇచ్చే ఈ చట్టం, 21 ఏళ్లు నిండినవారు, కుటుంబ పెద్దలు అర్హులని చెప్పిందే తప్ప ఆడా మగా అని విడదీయలేదు. పెళ్లికాని స్త్రీ, వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, మగడు వదిలేసి పోయిన స్త్రీ దరఖాస్తు పెట్టవచ్చు. మొగుడితో కాపురం చేస్తున్న భార్యకు మాత్రం ఆ అర్హత లేదు. వయోమింగ్‌లోని డగ్లస్, కొలరాడోలోని లామార్ భూమి కార్యాలయాల దస్తావేజులు పరిశీలించినప్పుడు దరఖాస్తుదారుల్లో సుమారు 12 శాతం స్త్రీలే అని తేలింది.

రొమాన్సు రచయిత్రులకు కావలసిన ముడి ఇక్కడే పడింది. దరఖాస్తు పెట్టిన తర్వాత పెళ్లి చేసుకున్నా, ఆ భూమిమీదే నివాసం కొనసాగిస్తే స్త్రీ హక్కు నిలిచేది. వరుడికి కూడా వేరే చోట అలాంటి భూమే ఉంటే మాత్రం, భార్యాభర్తలు ఏకకాలంలో రెండిళ్ల కాపురం చూపడం చెల్లదు గనుక, ఇద్దరిలో ఒకరు వదులుకోవలసి వచ్చేది. అంటే నాయిక ‘సరే’ అనడానికి తటపటాయించడంలో బిడియమూ బెట్టూ కాక, 160 ఎకరాల లెక్క ఒకటి ఉంటుంది. ప్రేమను ఆస్తి ప్రశ్న నుంచి విడదీయకుండా, నాయికకు పోగొట్టుకోవడానికి నిజంగా ఏదో ఉన్నట్టు చూపగలగడమే ఈ శాఖకు ఉన్న ఆకర్షణలో ప్రధానమైనదని చెప్పవలసి ఉంటుంది.

నవలకు తీసిపోని నిజ జీవితం ఎలినోర్ ప్రూట్ స్టువర్ట్‌ది. డెన్వర్‌లో ఇళ్లల్లో పనిచేసుకుంటూ పసికూతురిని పెంచుతున్న ఈ ఒంటరి తల్లి, 1909లో వయోమింగ్‌లోని బర్న్‌ట్‌ఫోర్క్ దగ్గర క్లైడ్ స్టువర్ట్ అనే పశువుల క్షేత్ర యజమాని ఇంటికి పనిమనిషిగా వెళ్లి, అతని భూమి పక్కనే తన పేరిట దరఖాస్తు పెట్టింది. గడ్డికోత యంత్రం నడిపే కూలి దొరక్క యజమాని మనిషిని వెతుక్కుంటూ బయటికి పోతే, చిన్ననాడు నేర్చిన విద్య గుర్తు చేసుకుని గుర్రాలు కట్టి, అతను తిరిగి వచ్చేసరికి చాలా మేర కోసి పెట్టిన సంగతి ఆమె తన పాత యజమానురాలికి రాసిన ఉత్తరాల్లో కనిపిస్తుంది. ఆ ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చి, ఒంటరి స్త్రీ భూమి సంపాదించగలదనడానికి నిదర్శనమయ్యాయి. చిత్రమేమంటే, దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే ఆమె ఆ క్లైడ్‌ను పెళ్లాడింది. ఆ ముక్క ఉత్తరాల్లో చాలా ఆలస్యంగా బయటపడుతుంది. చివరికి ఆ భూమిని ఆమె అత్తగారి పేరిట వదిలేసిందని తర్వాతి పరిశోధకులు రికార్డుల్లో చూపారు. దీన్ని మోసం అనడం కంటే, ఆనాటి స్త్రీకి పెళ్లీ పట్టా ఒక ఒరలో ఇమడని రెండు కత్తులని గ్రహించడం సమంజసం.

వయోమింగ్ మరో విధంగానూ ముందుంది. 1869 డిసెంబరు 10న అక్కడి స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. ఆ మరుసటి ఏడాది బంగారు గనుల ఊరైన సౌత్ పాస్ సిటీలో ఎస్తర్ మోరిస్ అనే యాభై దాటిన గృహిణి న్యాయాధికారిగా నియమితురాలై ఎనిమిది నెలలకు పైగా తగవులు తీర్చింది. ఇంతటి చరిత్ర ఉన్న నేలనే నేపథ్యంగా తీసుకుని ఓవెన్ విస్టర్ 1902లో ‘ది వర్జీనియన్’ రాశాడు గానీ, అందులోని బడిపంతులమ్మ మోలీ వుడ్, తుపాకి పోరుకు వెళ్తే మన పెళ్లి లేదని కథానాయకుణ్ణి హెచ్చరించి, అతను గెలిచి వచ్చాక తానే లొంగిపోతుంది. జేన్ గ్రే 1912లో రాసిన ‘రైడర్స్ ఆఫ్ ద పర్పుల్ సేజ్’లో జేన్ విదర్‌స్టీన్ తండ్రి నుంచి సంక్రమించిన పెద్ద క్షేత్రానికి యజమానురాలై ఉండి కూడా, కథ ముగిసేసరికి సర్వం పోగొట్టుకుని నాయకుడి వెంట కొండల నడుమ దాగవలసి వస్తుంది. స్త్రీ స్వాతంత్ర్యాన్ని ఊడబెరకడానికే ముందు చూపించినట్టుంటుంది ఈ పద్ధతి.

ఇదే కాలంలో వేరే దారి పట్టిన రచయిత్రి బి.ఎం. బోవర్. అసలు పేరు బెర్తా. మొదటి అక్షరాలే అట్టమీద ఉండటంతో పాఠకుల్లో చాలామంది మగ రచయిత అనుకున్నారు. 1906లో పుస్తకంగా వచ్చిన ‘చిప్ ఆఫ్ ద ఫ్లయింగ్ యు’లో మోంటానా క్షేత్రానికి వచ్చే నాయిక డెల్లా, చదువు పూర్తిచేసిన వైద్యురాలు, కౌబాయ్‌లు మొదట ఆటపట్టించినా తర్వాత ఆమె చేతి వైద్యానికి తలవంచుతారు. చవక కాగితంపై అచ్చయ్యే కథల పత్రికలు, అంటే పల్ప్ పత్రికల్లో ‘రాంచ్ రొమాన్సెస్’ 1924లో మొదలై 1971 దాకా బతికిందంటే, ప్రేమనూ పశువుల మందనూ కలిపి చదవాలనే కోరిక ఎంత గట్టిదో తెలుస్తుంది. 1972లో కాథ్లీన్ వుడివిస్ నవల ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’ విజయంతో చారిత్రక రొమాన్సుకు పేపర్‌బ్యాక్ పుస్తకాల పెద్ద మార్కెట్ ఏర్పడింది, తొలినాళ్లలో అందులో బలాత్కారాన్ని ప్రేమగా చూపే దుర్గుణం ఉన్నా. 1990లలో మ్యాగీ ఆస్బోర్న్ వంటివారు అందాన్ని కూడా పక్కన పెట్టి, సరుకు బండ్లు తోలే మొరటు మనిషి జెన్నీ జోన్స్‌ను నాయికగా నిలబెట్టారు.

ఈ ఆకర్షణ కింద ఒక మచ్చ ఉంది. నాయికకు దక్కిన ఆ 160 ఎకరాలు ఖాళీ భూమి ఏనాడూ కావు. ఒప్పందాలతోనూ యుద్ధాలతోనూ మూలవాసుల నుంచి లాగేసుకున్నవి, ఈ శాఖలోని అనేక నవలలు ఆ జాతుల్ని భయపెట్టే మందగానో మోహం రేపే అలంకారంగానో వాడుకుని ఊరుకున్నాయి. నల్లజాతి వలసదారుల విషయంలో మాత్రం బెవర్లీ జెంకిన్స్ లోటు తీర్చడానికి పూనుకున్నారు. బానిసత్వం నుంచి విముక్తులైనవారు 1877లో కాన్సస్‌లో నికోడెమస్ అనే ఊరు కట్టుకున్న చరిత్ర వంటిదాన్ని వెనక పెట్టుకుని, అలాంటి ఊళ్లో పంతులమ్మకూ నల్లజాతి అశ్వికదళ సైనికుడికీ మధ్య నడిపిన ప్రేమకథ ఆమె 1994 నాటి తొలి నవల ‘నైట్ సాంగ్’. తన నవలల చివర ఆధార గ్రంథాల పట్టిక ఇవ్వడం ఆమెకు అలవాటు; ప్రేమకథను చరిత్రకు జవాబుదారీ చేసిన ఆ పట్టికలు, ఈ శాఖను తేలిగ్గా చూసేవారికి చాలిన సమాధానం.

కొత్తగా ఈ నవలల్లోకి వెళ్లదలచినవారు ముందు ఎలినోర్ స్టువర్ట్ ఉత్తరాలు చదివి, ఆ తర్వాత ‘నైట్ సాంగ్’ అందుకోవడం మేలు. మొదటి పుస్తకానికి అమెరికాలో ప్రచురణ హక్కుల గడువు తీరిపోయినందువల్ల ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.